చెవి తమ్మె

పొందూరు హైస్కూలు, ఎనిమిదో తరగతి బి సెక్షను.
సూక్ష్మదర్శిని ఒక్కటి, పిల్లలు నలభై ముగ్గురు.
కింది అద్దం ఏనాడో పగిలితే
తిలకం డబ్బా అద్దం ముక్క అతికించి
కిటికీ ఎండని పట్టి పైకి పంపుతాం.

ముందు ఉల్లిపొర. పైన టించరు చుక్క.
"ఇటుకల గోడ టీచర్!" అన్నాడు తవిటినాయుడు,
వాళ్ల నాన్న తాపీమేస్త్రీ.
"కాదురా, మడిచెక్కలు. గట్లు అగుపడతన్నాయి."
దమయంతి కన్ను తియ్యకుండానే
"మగ్గం మీది బట్ట" అంది.
ఎవరింటి కణం వాళ్లకి కనపడింది.
నేనెవరికీ మార్కులు కొయ్యలేదు.

గదికో చుక్క. ఆ చుక్క కేంద్రకం.
"అందులో ఏటుంటాది టీచర్?"
పోగులుంటాయి. మనిషికైతే నలభై ఆరు.
సగం అమ్మవి, సగం నాన్నవి.
చిక్కు విప్పి, వరసగా కలిపి చాపితే
ఒక్క కణంలోవే నీకంటే పొడుగు.
"మా మామ్మ వాలుగ చేప దవడతో దూది ఏకుతాది.
ఆవిడే తియ్యలేదు అంత సన్నంగా"
అని దమయంతి కాస్త నొచ్చుకుంది.

ఆ పోగుల్లో రాత ఉందన్నాను.
"తలరాతా?"
కాదు. తలమీద జుట్టు సంగతి.
రింగులు తిరగాలా, నిక్కబొడుచుకోవాలా,
కంటిపాప నలుపా, తేనెరంగా.
"కులం కూడా రాసుంటాదా?"
లేదు. ఎంత వెతికినా దొరకదు.
వెనక బెంచీలో ఎవరో ఊపిరి వదిలారు,
లేక కరెంటు పోయి ఫ్యాను ఆగిందో.

ఆ ఊపులో పదో తరగతి పాఠం నోరు జారాను:
చెవి తమ్మె బుగ్గకి అతుక్కోవాలంటే
ఇద్దరి దగ్గర్నించీ అతుకు పోగే రావాలి.
వేలాడే పోగు ఒకవైపు నుంచి వచ్చినా చాలు, వేలాడుతుంది.
(అసలు చెవులు ఇంకొంచెం తిరకాసువి. అది తర్వాత.)
వెళ్లి మీ ఇంట్లో చెవులన్నీ చూసి రండి.

సోమవారానికి గోడ పటం నిండింది.
తవిటినాయుడి తాతకి ఒక చెవి సగమే,
మిగతాది ఎద్దు పట్టుకుపోయిందట.
ఉన్న సగం రాశాడు.

సవర సోంబరుది హాస్టలు.
తండ్రి లేడు. తల్లి చెన్నై అవతల ఇటుకబట్టీలో.
నాకా మాట హోంవర్కు ఇచ్చాక గుర్తొచ్చింది.
వార్డెను ఫోను ఆదివారం రెండు నిమిషాలు.
వాడు జ్వరం మాట చెప్పలేదు, పుస్తకాల మాట చెప్పలేదు,
వాళ్ల భాషలో తల్లిని అడిగాడట:
నీ చెవి తమ్మె అతుక్కుందా, యేలాడతందా?
అవతల ఒకటే నవ్వు.
"చెవిపోగుల బరువుకి సాగిపోనాది నాయనా,
మొదట్లో ఎలాగుండీదో మరిచిపోనాను."

పటంలో వాడి తల్లి గడి ఖాళీ.
క్లాసుకి చెప్పాను:
చెవిపోగు సాగదీసింది లోపలి పోగుకి తెలీదు,
బిడ్డకి రాదు.
సోంబరు లేచి నిలబడ్డాడు.
"ఇటకలు మోసీసి అరిచెయ్యి కాయలు కాస్తే?"
"రాదు."
"నాకూ రాదు?"
"రాదురా."
కూర్చోలేదు. ఇంకేదో లెక్క కడుతున్నాడు.

వాడి వంతు వచ్చింది.
ఐస్‌ఫ్రూట్ పుల్లతో బుగ్గ లోపల గీకి
నర్సమ్మ ఇచ్చిన ఊదారంగు మందు చుక్క వేశాం.
ఎడమ కన్ను అరచేత్తో మూసుకుని చూశాడు.
గోడలు లేవు, గట్లు లేవు,
పలచటి రేకులు, ఒక్కోదాని నడుమ ముదురు చుక్క.
వెనక వరస తోసుకుంటోంది. ఎండ జరిగిపోతోంది.
అద్దం తిప్పమని నన్నే అడిగాడు.

ఆఖర్ని జేబులోంచి తీశాడు
నాలుగు మడతలు పెట్టిన తండ్రి ఆధార్ జిరాక్సు.
ఫోటోలో మొహం నల్లగా అలికినట్టుంది గాని
ఒక చెవి మాత్రం తేటగా.
"అతుక్కునుంది టీచర్. నాది యేలాడతంది.
ఇది నాన్న కాడిది కాదు గదా."

పటం దగ్గరికెళ్లి
తల్లి గడిలో టిక్కు పెట్టాడు.
పెన్సిలుతో.